ఎనిమిదో నిమిషం

ఫిబ్రవరి 3, సోమవారం

పేపర్లో మూడో పేజీ, కింద, ఎడమ పక్క. పదకొండు లైన్లు. ఎనిమిదో నంబరు ఆటగాడికి మన క్లబ్బుతో ఒప్పందం మార్చి మొదటి వారంతో అయిపోతుంది, రేవు జట్టు అతన్ని అడుగుతోంది, ఇంకా ఏదీ తేలలేదు. అంతే వార్త. ఆ పదకొండు లైన్ల మీద సాయంత్రం సెలూన్లో రెండు గంటలు మాట్లాడుకున్నాం.

లెక్కల మాస్టారు పోనివ్వమంటాడు. "ముప్ఫై దాటిన మోకాలు. రెండేళ్ళ కిందట మ్యాచికి పదకొండు కిలోమీటర్లు పరిగెత్తేవాడు, ఇప్పుడు తొమ్మిది. రైల్వే జట్టులో బొంగరం అని పిలిచే కుర్రాడున్నాడు. ఇరవై అయిదేళ్ళు. రెండు కాళ్ళతోనూ పాస్ ఇస్తాడు. మిడ్‌ఫీల్డులో ఇంకేం కావాలి?"

"మీకు యాభై రెండు కదా మాస్టారూ. మిమ్మల్ని తీసేసి బళ్ళో కూడా ఓ ఇరవై అయిదేళ్ళవాణ్ణి పెడదామా?" అన్నాడు మా బావమరిది. డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు, కండక్టర్ సంచీ ఇంకా భుజానే ఉంది.

"పెడితే పిల్లలు బాగుపడతారు," అన్నాడు సెలూన్ అతను, మాస్టారి తల పట్టుకుని.

"కత్తి నీ చేతిలో ఉందని నోరు కూడా లేస్తోందే."

"మీ తల కూడా నా చేతిలోనే ఉంది కదా, ఏం చేస్తారు చెప్పండి."

బావమరిది నవ్వలేదు. "బొంగరం తిరుగుతాడు. మనవాడు ఆగుతాడు. బంతి కాలి కింద పెట్టి ఆగి, అందరూ ఎక్కడున్నారో చూస్తాడు. ఆ ఆగడం ఎవడికొస్తుంది?"

నేనేమీ అనలేదు. తూర్పు గ్యాలరీలో పంతొమ్మిదేళ్ళుగా పాట ఎత్తేవాణ్ణి. నేనేదో ఒక పక్క మాట్లాడితే దాన్ని గ్యాలరీ మాట అనుకుంటారు.

ఫిబ్రవరి 5, బుధవారం

రీడింగులు నూట నలభై ఆరు. ఎనిమిదో నంబరు ఉండే వీధి ఈ రోజే. ఇంట్లో ఎవరూ లేరు. కరెంటు మీటరు గేటు పక్కనే కాబట్టి పని ఆగలేదు.

నాలుగేళ్ళుగా ఆ ఇంటి మీటరు నేనే చూస్తున్నానని సెలూన్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే జెర్సీల మీద సంతకాలు తెమ్మంటారు. ఒకసారి గేటు దగ్గర అతనే ఎదురయ్యాడు. "అన్నా, నువ్వు గ్యాలరీలో పాట..." అన్నాడు. "అవునండీ" అని యూనిట్లు రాసుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆఫీసులో ఆ సర్వీసు నంబరు మీద ఒక దరఖాస్తు కనిపించింది. లోడు రెండు కిలోవాట్ల నుంచి అయిదుకి పెంచాలి. కారణం అన్న గడిలో "మేడ మీద కొత్త గది" అని ఉంది. తేదీ ఫిబ్రవరి 1.

ఊరు వదిలేవాడు మేడ మీద గది కట్టడు.

ఫిబ్రవరి 6, గురువారం

ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు కాగితం ఆఫీసులోనే ఉండాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

సొంత మైదానం. రెండు ఒకటితో గెలిచాం.

ఎనిమిదో నిమిషంలో పాట ఎత్తాను. మామూలే, అతను ఇటు చూడకుండా కుడిచెయ్యి ఒకసారి పైకెత్తి దించాడు. నాలుగు సీజన్లుగా ఇంతే. వింటున్నానని అతను, ఉన్నామని మేము.

మ్యాచ్ అయ్యాక గ్యాలరీ మెట్ల మీద మళ్ళీ అదే గొడవ. ఉండమని అడుగుదామని సగం మంది, అడిగితే మన విలువేం కాను అని సగం మంది. అప్పుడు నేనన్నాను: "వచ్చే ఆదివారం ఎనిమిదో నిమిషంలో పాడొద్దు. డప్పు వద్దు, చప్పట్లు వద్దు. తను లేని రోజు ఈ గ్యాలరీ ఎలా ఉంటుందో తనే విననీ."

చాలామంది తలలూపారు. బాగుందనుకున్నారని అర్థమైంది.

"ఏం వింటాడు బావా, మనం నోరు మూసుకుంటే?" అన్నాడు బావమరిది.

ఫిబ్రవరి 10, సోమవారం

సెలూన్లో చేతులెత్తారు. పదిహేడు మందిలో నాకు పదకొండు, వద్దని ఆరు. బావమరిది ఆరుగురిలో ఒకడు.

మాస్టారు నాకే ఓటేశాడు కానీ ఒక మెలిక పెట్టాడు. "ఏ ప్రయోగమైనా ముందు చెప్పి చెయ్యాలి. ఎందుకు పాడటం లేదో అతనికి ముందే తెలియాలి. లేకపోతే ఇంకోలా అనుకుంటాడు."

కాబట్టి ఉత్తరం. రాసేది నేను. మా పక్కింటి అక్క క్లబ్బులో జెర్సీలు ఉతుకుతుంది, ఆమె ద్వారా పంపేదీ నేనే. ఈ మాట మీద వద్దన్న ఆరుగురూ కూడా దిగొచ్చారు. బావమరిది చివరగా ఒప్పుకున్నాడు.

"ఉత్తరం ముందు అందాలి బావా. డప్పు ఆపడం తర్వాత."

"అందుతుంది లేరా."

ఫిబ్రవరి 12, బుధవారం

ఉత్తరం అయిదు వాక్యాలు. ఈ ఆదివారం ఎనిమిదో నిమిషంలో మేం పాడం. అది కోపం కాదు. నువ్వు లేకపోతే మా గ్యాలరీ అలా ఉంటుంది. అది మాకు వద్దు. ఉండిపో.

పదిహేడు సంతకాలూ అయ్యాయి. మొదటి సంతకం బావమరిదిది. మాస్టారు రెండు చోట్ల కామా పెట్టాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున అక్క జెర్సీల మూటతో బయల్దేరుతూ గోడ అవతలి నుంచి పిలిచింది. "ఏం తమ్ముడూ, ఆ అబ్బాయికేదో ఇవ్వాలన్నావట కదా?"

"ఇంకా రాయలేదక్కా," అన్నాను.

ఎందుకన్నానో రాసుకోవాలి. ముందే చెప్పి పాట ఆపితే అది ఒట్టి నాటకం. లోపల తగలదు. మాస్టారికి ఇది ప్రయోగం, నాకు కాదు. పైగా అతను ఎలాగూ ఉంటున్నాడు. అయిదు కిలోవాట్లు, కొత్త గది. ఇందులో నష్టమేమీ లేదు. ఇవాళో రేపో సంతకం పెడతాడు. పెట్టాక, ఆ ఆదివారం గ్యాలరీ మూగబోతే గుండె ఆగినంత పనైంది, అందుకే ఆగిపోయాను అంటాడు. పాట ఆగినందుకు ఆగాడంటే అది నా ఆలోచన. ఉత్తరం చదివి ఆగాడంటే అది పదిహేడు మంది ఉత్తరం. మాస్టారి కామాలు కూడా లెక్కలోకి వస్తాయి.

పైన నేను రాసిన చివరి రెండు వాక్యాలూ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు.

ఏడో నిమిషం చివర చెయ్యెత్తి సైగ చేశాను. బావమరిది డప్పు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. మా చుట్టూ ఉన్న మూడు వందల మందికి సంగతి ముందే చెప్పాం, వాళ్ళూ ఆగారు. మిగతా గ్యాలరీ మమ్మల్ని చూసి ఆగింది. మైదానంలో గోల్‌కీపర్ అరుపు మా దాకా వినిపించింది. అది ఇంతవరకు ఎప్పుడూ వినలేదు.

అతను అలవాటుగా కుడిచెయ్యి ఎత్తాడు. పాట లేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, ఎంతసేపో తెలియదు. వాచీ చూడలేదు. తర్వాత ఇటు తిరిగాడు. నాలుగు సీజన్లలో మొదటిసారి మా వైపు చూశాడు. వరసలన్నీ వెతికాడు. నన్ను చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను, అలా ఉండాలని మేం అనుకున్నాం.

చెయ్యి దించి జెర్సీకి తుడుచుకున్నాడు.

సెకండాఫ్ ఇరవయ్యో నిమిషంలో తీసేయమని తనే బెంచీకి సైగ చేశాడు. మ్యాచ్ సున్నా సున్నా.

"బాగా తగిలింది," అన్నారు మెట్లు దిగుతూ. నేనూ అన్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

రీడింగులు నూట ముప్ఫై రెండు. మూడు తప్పు రాశాను. ఆఫీసులో దిద్దారు.

ఫిబ్రవరి 19, బుధవారం

ఇంకా సంతకం పెట్టలేదు.

సెలూన్లో బావమరిది అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు. "ఉత్తరం ముందే అందింది కదా బావా? వాడు చూసిన చూపు నాకు నచ్చలేదు. తెలిసినవాడు చూసే చూపు కాదది."

"అందింది."

"పక్కింటి అక్క చేతికే ఇచ్చావా?"

"ఆవిడ చేతికే."

"మనసు కరిగితే చూపు అలాగే ఉంటుందిరా," అన్నాడు సెలూన్ అతను. "పెళ్ళిచూపుల్లో మీ అక్కని చూసి మీ బావ ముఖం అలాగే పెట్టాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఈసారి ఆటల పేజీలో పైన, ఫోటోతో. రేవు జట్టుతో మూడేళ్ళ ఒప్పందం. మన మైదానంలో చివరి మ్యాచ్ మార్చి 2. అతని స్థానంలోకి బొంగరం వస్తున్నాడు, అది లోపల నాలుగు లైన్లు.

అతను చెప్పిన మాటలు రెండే వేశారు. "గ్యాలరీ తన మాట ముందే చెప్పింది. నేను విన్నాను."

సెలూన్లో ఆ రెండు వాక్యాలు పైకి చదివింది మాస్టారు. చదివి కళ్ళజోడు తీశాడు. బొంగరం కావాలని మూడు వారాలుగా వాదించిన మనిషి ఒక్క మాట కూడా సంతోషంగా అనలేదు.

"ఉండిపో అని రాసి పదిహేడు మందిమి సంతకాలు పెడితే, పొమ్మన్నారని పేపరుకి చెబుతాడా?" అన్నాడు బావమరిది. కిందటి వారం దాకా అతని కోసం మాస్టారితో కొట్లాడినవాడు. "ఉత్తరం జేబులో పెట్టుకుని మన మీద అబద్ధం చెప్పాడు. వెళ్తే వెళ్ళు, మన నెత్తినేసి వెళ్ళడమేంటి?"

"మనిషిని మోయడం మన తప్పు," అన్నాడు సెలూన్ అతను. అద్దం మూల అతికించిన ఎనిమిదో నంబరు ఫోటో పీకాడు. టేపు కింద ఫ్రేము రంగు పెచ్చు ఊడింది.

నేను టీ చల్లారిపోతోందన్నాను. అదే అన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

లోడు దరఖాస్తు తీయించి చూశాను. దరఖాస్తుదారు కోరిక మేరకు రద్దు. తేదీ ఫిబ్రవరి 18. మౌనం 16న.

రెండు రోజులు. మధ్యలో ఇంకేదైనా కారణం ఉండి ఉండొచ్చు. రేవు జట్టు ఎక్కువ ఇస్తానని ఉండొచ్చు. భార్యకి ఆ ఊరు నచ్చి ఉండొచ్చు. వీటిలో దేనికీ నా దగ్గర కాగితం లేదు.

ఫిబ్రవరి 27, గురువారం

ఆదివారం ఎనిమిదో నిమిషంలో గ్యాలరీ మొత్తం వెనక్కి తిరిగి అతనికి వీపు చూపించాలని తీర్మానం. ఓటింగు అక్కర్లేదన్నారు. ఆలోచన బావమరిదిది.

చెప్పడానికి ఇంతకంటే సమయం లేదు. నోరు తెరిచాను కూడా.

"చెప్పు బావా. నువ్వు చెబితే అదే ఫైనల్," అన్నాడు బావమరిది.

"మీరెలా అనుకుంటే అలాగే," అన్నాను.

మార్చి 2, ఆదివారం

తిరిగారు. మూడు వందల మంది, తర్వాత గ్యాలరీ మొత్తం. బావమరిది అందరికన్నా ముందు.

నేను కూడా తిరిగాను. కాబట్టి అతను చెయ్యి ఎత్తాడో లేదో నేను చూడలేదు. పడమటి గ్యాలరీవాళ్ళు చూసి ఉంటారు. వాళ్ళనడగలేదు.

తిరిగాక మా ముందు, చివరి వరస వెనకాల సిమెంటు గోడ ఉంది. దాని మీద సున్నంతో రాసిన సీట్ల నంబర్లు, ముప్ఫై ఒకటి నుంచి నలభై దాకా. ముప్ఫై ఏడు చెరిగిపోయింది.

మార్చి 3, సోమవారం

మా ఆవిడ అడిగింది, స్నానం చేస్తూ పాడటం ఎందుకు మానేశారని. గొంతు బాగోలేదన్నాను. వాము నమిలి పడుకోమంది. నమిలాను.

మార్చి 5, బుధవారం

బల్ల మీద స్లిప్పు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, ఫైనల్ రీడింగు తీసి కనెక్షన్ మూసెయ్యాలి. ఆ సర్వీసు నంబరే. పక్క ఏరియా అతన్ని వెళ్ళమనొచ్చు. అడగలేదు. నేనే వెళ్ళాను.

గేటు లోపల ఇటుకలు పేర్చి ఉన్నాయి. పక్కన ఇనప చువ్వలు, రెండు సిమెంటు బస్తాలు. మేడ మెట్లకి కొత్తగా సున్నం వేసి ఉంది. అతను గుమ్మంలో అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు.

"రా అన్నా," అన్నాడు. "నువ్వే వస్తావనుకున్నాను. ఈ ఏరియా నీదే కదా."

మీటరు చూశాను. 14872. రాసుకున్నాను. స్లిప్పు మీద సంతకం పెట్టించాలి, ఇచ్చాను. పెన్ను పట్టుకుని అలాగే ఆగాడు. బంతి కాలి కింద పెట్టినప్పుడు ఆగినట్టే.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. నిన్నటి దాకా ఎవర్ని అడగాలో తెలియలేదు. ఆ ఆదివారం నేనేం తప్పు చేశానన్నా?"

నేను గేటు చూశాను.

"వెళ్తానని నేనెక్కడా అన్లేదు. పేపరువాళ్ళు రాశారు. ఆ తర్వాతి మంగళవారం మన క్లబ్బులో సంతకం పెట్టాల్సింది. గది కూడా మొదలెట్టాం, చూస్తున్నావుగా. సరే, డబ్బు కోసం ఊగుతున్నాడని మీకు అనిపించిందేమో. అదే అనుకున్నాను. కానీ ఒక్కరైనా వచ్చి తిట్టొచ్చు కదా. మీరు తిడితే పడనా నేను? పాట ఆపేస్తారా?"

చెప్పాను. నిలబడి మొత్తం చెప్పాను. ఓటింగు, ఉత్తరం, అయిదు వాక్యాలు, పక్కింటి అక్క, ఇవ్వకపోవడం. లోడు దరఖాస్తు చూసిన సంగతి కూడా చెప్పాను. ఉంటాడని ముందే తెలుసుననీ, తెలిసే చేశాననీ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. సరిగ్గా చెప్పలేకపోయాను, కానీ అతనికి అర్థమైంది.

ఇటుకల వైపు చూస్తూ విన్నాడు.

"పదిహేడు సంతకాలా?"

"పదిహేడు."

"డప్పు కొట్టే అన్న సంతకం కూడానా?"

"మొదటిది అతనిదే."

"మొన్న ముందు తిరిగింది కూడా ఆయనే." కొంచెం నవ్వాడు. "బంతి త్రో వెయ్యడానికి లైను దగ్గరికి వచ్చాను అప్పుడు. బాగా దగ్గర్నించి చూశాను."

లోపల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది. గిన్నెలు పేపర్లలో చుడుతున్న చప్పుడు ఆగింది. "ఎవరండీ?"

"మీటరు అన్న. ఫైనల్ రీడింగు."

"కాసిని మంచినీళ్ళిమ్మంటారా?"

"వద్దంట, వెళ్ళిపోతున్నాడు." తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, మా ఆవిడకి మాత్రం ఈ మాట తెలియనివ్వకు. తనకి ఈ ఊరు ప్రాణం. ఈ ఊరికే మనం అక్కర్లేదు పద అని వారం రోజులు కూర్చోబెట్టి చెప్పి ఒప్పించాను. ఇప్పుడు ఇలా అని తెలిస్తే బండెక్కదు. నేనక్కడ సంతకం పెట్టేశాను."

స్లిప్పు మీద సంతకం చేసి పెన్ను తిరిగిచ్చాడు. శుక్రవారం పొద్దున లారీ వస్తుందట. ఇటుకలు మేస్త్రి వెనక్కి తీసుకెళ్తాడట.

క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేవాడు. అందుకే అడగలేదని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు. నోరు రాలేదు.

మార్చి 6, గురువారం

ఎవరికీ చెప్పొద్దన్నాడు. చేసిన తప్పుకి ఆ మాటైనా నిలబెట్టాలి. సెలూన్‌కి వెళ్ళలేదు.

మార్చి 7, శుక్రవారం

వెనక్కి తిప్పి చదివాను. బుధవారం నేనే రాశాను: మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకు. ఎవరికీ అని అతను అనలేదు. ఆ మాట నిన్న నేను కలిపాను. రీడింగులో ఒక అంకె మార్చినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారు.

పొద్దున ఎనిమిదింటికి లారీ వెళ్ళిపోయింది. వీధి చివర సైకిలు పట్టుకుని నిలబడి చూశాను. ఆమె ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం సెలూన్‌కి వెళ్ళాను. మాస్టారు, బావమరిది, ఇంకో నలుగురు. బొంగరానికి పాట ఎలా ఉండాలని మాట్లాడుకుంటున్నారు.

"వచ్చాడు. ఇదిగో, తిరిగేవాడి మీద ఓ నాలుగు లైన్లు కట్టు బావా," అన్నాడు బావమరిది. "డప్పు వరస నేను పట్టేశాను."

కూర్చోకుండానే చెప్పాను. అతనికి చెప్పినంత సేపు కూడా పట్టలేదు. మూడు నిమిషాలు. ఆవిడ చెవిన పడకూడదన్న మాట కూడా చెప్పాను.

ఎవరూ అరవలేదు. అరుస్తారని అనుకున్నాను, అందుకు సిద్ధంగా వెళ్ళాను.

"అంటే ఉంటాడని నీకు అయిదో తారీఖునే తెలుసు," అన్నాడు మాస్టారు.

"తెలుసు."

"ఓటు అడిగిన రోజుకి కూడా."

"అవును."

మాస్టారు పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు. సెలూన్ అతను అద్దం మూల పెచ్చు ఊడిన చోట బొటనవేలితో రుద్దుతున్నాడు.

బావమరిది తన చేతులు చూసుకున్నాడు. "నేను వాడికి వీపు చూపించాను బావా," అన్నాడు. "పదడుగుల దూరంలో."

"చూశాడు. చెప్పాడు."

"ఎప్పుడు వెళ్తున్నాడు?"

"వెళ్ళిపోయాడు. ఈ పొద్దునే."

తలెత్తాడు. కోపం లేదు ముఖంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "మరి నిన్న ఎందుకు చెప్పలేదు? నిన్న చెప్పుంటే వెళ్ళి కాళ్ళు పట్టుకునేవాణ్ణి కదా."

నిన్నటి పేజీలో రాసుకున్న కారణం నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

సెలూన్ అతను కుర్చీలో ఉన్న మనిషిని దింపి, గుడ్డ దులిపి, "తర్వాత ఎవరు?" అన్నాడు.

మిగతావాళ్ళు కబుర్లకి వచ్చినవాళ్ళు, వరసలో తర్వాత నేనే. ఆ మాట ఎవరూ అనలేదు.